మొదటి నీళ్లకే నురగ

ఈదులవాగు కడుగుశాల. ముప్పై ఒకటో గడి పుస్తకం. రాస్తున్నది మణెమ్మ, పెద్ద కడుగు మనిషి.

41వ రోజు

ఈ పుస్తకంలో రాయాల్సినవి మూడే. విషం పట్టిన మన్ను ఎన్ని పీపాలు కడిగాం, ఎన్ని కిలోల కుంకుడుకాయలు పోశాం, నురగ ఏ రంగులో వచ్చింది. మిగతా పేజీ ఖాళీగా వదిలేయమని మండలి వాళ్ల మాట. ఖాళీ కాగితం చూస్తే నాకు చిరాకు, అందుకని నింపుతున్నాను.

ఈరోజు ముప్పై రెండో గడి నేల నుంచి నాలుగు పీపాల మన్ను. కుంకుడుకాయలు పన్నెండు కిలోలు. నురగ మొదటి నీళ్లకు నలుపు, రెండో నీళ్లకు గోధుమ రంగు, మూడో నీళ్లకు తెలుపు. నల్ల నురగను తెడ్డుతో తీసి తారు పూసిన గుంటలో పోశాం.

ముప్పై ఒకటో గడి కూర తినడం మొదలుపెట్టి నేటికి నలభై ఒక్క రోజులు. కడిగినవాళ్లే ముందు తినాలన్నది మా కట్టుబాటు. కడిగిన మన్నులో పండిన ఆకుకూరను తొంభై రోజులు నేనూ, నాతో కడిగే బుచ్చిరాములూ తింటాం. తొంభయ్యో రోజున ఆ గడి తీసుకునే కుటుంబాలన్నీ వస్తాయి. వాళ్ల ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఈ మన్ను నాకు పట్టింది, మీకూ పడతది" అని నేను చెప్పాలి. ఆ మాట అన్నాకే వాళ్లు నేల మీద కాలు పెడతారు. కాగితం మీద సంతకాన్ని ఎవరూ నమ్మని కాలంలో మా అత్త వాళ్లు పెట్టిన పద్ధతి ఇది. ఆమె పదకొండు గడులకు ముద్ద తిన్నది, నేను ఆరింటికి. ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఈరోజు కూర పాలకూర. ఉప్పు ఎక్కువైందని బుచ్చిరాములు సణిగాడు. వండింది అతనే.

52వ రోజు

మూడు పీపాలు, తొమ్మిది కిలోలు, నలుపు, గోధుమ, తెలుపు.

పొద్దున కుంకుడు రసం తీశాం. కాయలు కొట్టి, గింజలు తీసేసి, మరిగిన నీళ్లు పోసి, కాస్త చల్లారాక చేత్తో పిసకాలి. నేను పిసుకుతుంటే బుచ్చిరాములు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి బయటికి లాగాడు. నీళ్లు పోసి అప్పటికి నిమిషం కూడా కాలేదట. చెయ్యి ఎర్రగా ఉడికినట్టుంది. నాకేమో గోరువెచ్చగా అనిపించింది.

ముప్పై ఏళ్లు పిసికితే ఎవరి తోలైనా మందమవుతుందని చెప్పాను. అతను తలూపాడు. అరవై రెండేళ్ల మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను చెప్పింది నమ్మడం అతనికి అలవాటు.

60వ రోజు

పీపాలు లేవు. ముప్పై రెండో గడి మన్ను అయిపోయింది, అంతా తేటనీళ్లతో జాడించాం.

సాయంత్రం బుచ్చిరాములు బూటు విప్పితే లోపలి నుంచి ఇనుప ముక్క పడింది. చిటికెన వేలంత ఉంది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాడు, మేజోడంతా నెత్తురు. నొప్పి లేదా అని అడిగాను. తనకు షుగర్ ఉంది కదా అన్నాడు. నాకేమో తోలు మందం, అతనికేమో షుగర్. ఇద్దరం నవ్వుకున్నాం. గాయానికి పసుపు పెట్టి కట్టాను. కట్టు ముడి వేయడానికి నాకు మూడుసార్లు పట్టింది.

66వ రోజు

నా కూతురు సుగుణ వచ్చింది. పిల్లను కూడా తెచ్చింది. నా మనవరాలు జమునకు నాలుగేళ్లు, ఇంతవరకూ మన్ను తొక్కలేదు. పుట్టింది, నడక నేర్చింది నాలుగో బల్ల మీదే. ఇనుప కాళ్ల మీద, చెక్కలు పరిచిన ఊరు అది. అక్కడ నలభై మూడు కుటుంబాలు తొమ్మిదేళ్లుగా పట్నం పంపే పచ్చ పిండి తింటూ గడి కోసం ఎదురుచూస్తున్నాయి. ముప్పై ఒకటో గడి వాళ్లదే.

కాలిబాట చెక్కల మీద నిలబడి ముగ్గురం గడిని చూశాం. పాలకూర, తోటకూర ఏపుగా పెరిగాయి. పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో, గడప ఎటు తిప్పాలో సుగుణ నాకు చూపించింది. తొక్కితే మన్ను కదులుతుందా అని జమున అడిగింది. కొంచెం దిగుతుంది, పడిపోవు అన్నాను.

బల్ల పడమటి కాలు జానెడు కుంగిందని సుగుణ చెప్పింది. గిన్నెలో నీళ్లు పోస్తే ఒక పక్కకే పోతున్నాయట. తొలకరికి ముందే, అంటే తొంభయ్యో రోజుకల్లా అందరూ దిగాలని మండలి చెప్పింది. వెళ్లేటప్పుడు సుగుణ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు చూశాను గానీ, నాకు తెలియలేదు.

71వ రోజు

రవిక హుక్కులు పెట్టుకోవడానికి చాలా సేపు పట్టింది. వేళ్లు ఎక్కడున్నాయో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. తోలు మందమైతే చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య హుక్కు ఉందో లేదో తెలియకుండా పోతుందా? నా మాట నేనే నమ్మలేదు.

మధ్యాహ్నం ఈ పుస్తకం మొదటి పేజీలు తిరగేశాను. ముప్పై ఒకటో గడి కడిగిన నాటి రాతలు, అన్నీ నా చేతి రాతే. "మొదటి నీళ్లకే తెల్ల నురగ. మంచి మన్ను." తరువాతి పీపా కూడా అంతే. యాభై ఆరు పీపాలు, అన్నీ మొదటి నీళ్లకే తెలుపు.

ఆ రోజులు బాగా గుర్తున్నాయి. మన్నులో విషం ఎంతుందో చూపే కొలత పెట్టె పాడై రెండు వారాలైంది, కొత్తది గాలిబండిలో వస్తుందని చెప్పారు. అది వచ్చేదాకా పని ఆపడం ఎందుకని నేనే నురగ లెక్క పెట్టాను. అదేమీ కొత్త విద్య కాదు. తలంటు పోసే ఆడవాళ్లందరికీ తెలిసిందే. జుట్టుకు నూనె ఉంటే మొదటి నీళ్లకు నురగ రాదు, జిడ్డు పోయాక తెల్లగా లేస్తుంది. లేచిందంటే తల శుభ్రమైనట్టు. అంతకుముందు గడులన్నీ పాత ఆయిలు పారబోసిన నేలలు. మూడో నీళ్లకు నురగ తెల్లబడేది, పెట్టెతో చూస్తే పెట్టె కూడా సరేననేది. ఏళ్ల తరబడి నురగా పెట్టే ఒక్క మాటే చెప్పాయి. అందుకే ముప్పై ఒకటో గడి మొదటి నీళ్లకే తెల్లగా నురగ కక్కితే సంబరపడ్డాం. మూడుసార్లు కడగాల్సిన మన్నును ఒక్కసారే కడిగి వదిలాం. కాయలు మిగిలాయని మండలి నన్ను మెచ్చుకుంది కూడా.

ముప్పై ఒకటో గడి పక్కన పూర్వం బ్యాటరీలు విప్పే షెడ్డు ఉండేది. అక్కడ ఆయిలు లేదు. ఉన్నది సీసం, ఇంకా పేరు తెలియని లోహాలు. నూనె లేని తలలో పేలున్నా నురగ బాగానే లేస్తుంది.

ఈ వాక్యం రాశాను. గుండె దడదడలాడాలి కదా. ఆడలేదు. లేచి వెళ్లి తోటకూర కడిగి పెట్టాను, రాత్రి కూరకు. అలవాటు.

74వ రోజు

బుచ్చిరాములుకు చెప్పాను. కుంకుడుకాయలు కొట్టే బండ దగ్గర కూర్చుని అంతా విన్నాడు. రెండు మూడు కాయలు ఉత్తినే కొట్టాడు. తన కాలికి షుగరే అన్నాడు. నా చెయ్యి సంగతేమిటని అడిగితే గింజలు ఏరి పక్కన పెట్టాడు. ఆ తరువాత అన్నాడు.

"చెల్లె, నువ్వు చెప్తే గడి పోతది. వానలకు బల్ల కూలుతది. గా నలభై మూడు ఇండ్లోళ్లు యాడికి పోవాలె? వేళ్లు మొద్దువడ్డా మనిషి బతుకుతడు. బల్ల కూలితె బతుకుతడా?"

అది తప్పని నేను అనలేకపోయాను. అందులో సగం నిజం. మిగతా సగం, మనం తిన్నది డెబ్బై రోజులే, వాళ్లు తినేది ఏళ్ల తరబడి. పెద్దవాళ్ల వేళ్లకు వచ్చింది నాలుగేళ్ల పిల్లకు ఎక్కడ వస్తుందో ఎవరు చెప్పగలరు? అదీ అన్నాను. అతను కాయలు కొట్టడం ఆపి, ఉప్పు డబ్బా అందుకుని ఒక రవ్వ నోట్లో వేసుకున్నాడు. కుంకుడు కళ్లలో పడితే మంట తగ్గడానికి మా దగ్గర ఉప్పు పెట్టుకుంటాం. అతని కళ్లలో ఏమీ పడలేదు.

ఆ తరువాత కొలతల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఖాజా సాబ్ మంచి మనిషి, నన్ను మణెమ్మక్కా అంటాడు. పెట్టె ఎప్పుడొస్తుందని అడిగాను. వానలు వెళ్లాకే అన్నాడు. ముప్పై ఒకటికి ఏమైనా అనుమానమా అని అడిగాడు. లేదు, ఊరికే అన్నాను. నాకు సిగ్గేసింది. ఈ నెలలో నాకు స్పష్టంగా తెలిసినది ఆ సిగ్గొక్కటే.

83వ రోజు

ముప్పై మూడో గడి మొదలు. రెండు పీపాలు, ఎనిమిది కిలోలు. నలుపు. తెల్లబడినా ఆపకుండా ఐదు నీళ్లు పోయించాను. ఎందుకని బుచ్చిరాములు అడగలేదు.

మొద్దుతనం వేలి కణుపులు దాటి అరచెయ్యి దాకా పోయింది. సూదితో గుచ్చి చూసుకుంటున్నాను. నెత్తుటి చుక్క వస్తుంది, చూస్తాను, తుడుస్తాను. ఎవరిదో చెయ్యి నాకు అప్పగించి పోయినట్టుంది. కూర తినడం మానలేదు. మానితే ఎందుకు మానావని అడుగుతారు.

సుగుణ విత్తనాల పొట్లం పంపింది, ఎండబెట్టి దాచమని. బెండ, సొర, నాలుగు రకాల చిక్కుడు. తొమ్మిదేళ్లుగా బల్ల మీద ఒక డబ్బాలో దాచిపెట్టుకున్నవి. మొలుస్తాయో లేదో. కొంగు మీద పరిచి ఎండలో పెట్టాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. విత్తనాలు మళ్లీ పొట్లం కట్టాను.

89వ రోజు

రేపే ముద్ద. చెప్పాల్సిన మాటను పీపాల మధ్య నిలబడి నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాను. నోరు బాగానే తిరుగుతుంది. నాలుకకు ఏమీ కాలేదు.

సుగుణ వాళ్లు సామానంతా మూటలు కట్టేశారట. పడమటి కాలు ఇంకో నాలుగు వేళ్లు కుంగిందట. మొదట ఎవరు దిగాలో చీట్లు వేస్తే సుగుణ పేరే వచ్చింది. అంటే మన్ను మీద మొట్టమొదట కాలు పెట్టేది జమున.

ఏం చేస్తానో నాకు తెలియదు. ఈ పుస్తకంలో అబద్ధం రాయలేదు ఇంతవరకూ. తెలియదన్నది కూడా నిజమే.

90వ రోజు

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

పది గంటలకల్లా అందరూ వచ్చారు. నలభై మూడు కుటుంబాలు, గడి చుట్టూ చెక్కల మీద. చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకున్నారు, ముద్ద అవగానే దిగాలని. ముద్దనాడు ఒక్కనాడే ఇక్కడ బియ్యం వండుతారు. ఆ వాసనకే పిల్లలు ఊరుకోవడం లేదు. బుచ్చిరాములు నా పక్కన పీట మీద, ఖాజా సాబ్ ఎదురుగా పుస్తకం పట్టుకుని.

కుండ దించి గంజి వార్చారు. విస్తట్లో వడ్డించి ఆవిరి పోయేదాకా ఆగడం ఆనవాయితీ. వడ్డించే ఆమె గరిటె ఎత్తేసరికి జమున కనిపించింది. తల్లి చంకలోంచి వంగి, ఒక కాలు కిందికి చాపి, బొటనవేలితో గాలిలో మన్నును వెతుకుతోంది. దించమని తల్లిని గిల్లుతోంది.

విస్తరి వద్దని చెప్పాను. కుండలోంచే చేతిలో వేయమన్నాను. ఆమె వెనకాడింది. వేయమని మళ్లీ అన్నాను. వేసింది. పొగలు కక్కుతున్న అన్నం, దాని మీద తోటకూర పప్పు. చెయ్యి చాపి పట్టుకుని కూర్చున్నాను. ఊదలేదు, కదపలేదు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పెద్దావిడ ఏదో మొక్కు మొక్కుకుంటోందని అనుకుని ఉంటారు. ముందు సుగుణే లేచి అరిచింది.

"అవ్వా, చెయ్యి కాలుతది. కింద వెయ్యి."

"నాకు తెలుస్తలేదు బిడ్డా," అన్నాను. "నలభై దినాల సంది తెలుస్తలేదు. ఈ మన్ను నాకు పట్టలే. మీకూ పట్టదు."

అరచేతి అంచున తోలు తెల్లగా పొంగడం నాకు కనిపిస్తూనే ఉంది. వాళ్లకూ కనిపించింది. సుగుణ చెక్కల మీది నుంచి వచ్చి నా చేతి మీది అన్నాన్ని విసురుగా తోసేసింది. మన్ను మీద పడింది అన్నం. దాన్ని ఏరుకోబోయిన పిల్లలను తల్లులు వెనక్కి లాగారు.

అప్పుడు బుచ్చిరాములు వంగి నెమ్మదిగా బూటు విప్పాడు. నెల నాటి గాయం నల్లబడి ఉంది. కాలు ఎత్తి అందరికీ చూపించాడు. వేలి కణుపు మీద ఈగ వాలింది, అతను తోలలేదు.

ఒకాయన, ముగ్గురు పిల్లల తండ్రి, నన్ను అడిగాడు. "నలభై దినాల సంది ఎర్కుండి ఇయ్యాల చెప్తున్నవా?"

మన్ను సంగతి ఎరుకై ఇరవై రోజులే గానీ, అవునన్నాను. మొన్న చెప్పి ఉంటే వాళ్లు సామాను కట్టేవాళ్లు కాదు. కడుగుడు తప్పింది నా వల్లే, నురగ లెక్క నాదే అని కూడా చెప్పాను. ఖాజా సాబ్ అన్నీ రాసుకున్నాడు. రాస్తూ ఒకసారి ఆగి కళ్లు తుడుచుకున్నాడు. జనం చెప్పులు తొడుక్కుంటుంటే చాలాసేపు ఆ చప్పుడే వినిపించింది.

సుగుణ నా చేతికి గుడ్డ చుట్టింది. నా మొహం చూడలేదు. జమున మాత్రం, ఇంక దిగమా అని అడుగుతూనే పోయింది.

95వ రోజు

తొలకరి పడింది. నాలుగో బల్ల పడమటి వైపు మధ్యాహ్నం కూలింది. మనుషులు లేరు. మూడు రోజుల ముందే ఖాజా సాబ్ మండలితో కొట్లాడి అందరినీ మా కడుగుశాలలోకి మార్పించాడు. పీపాల మధ్య తాళ్లు కట్టి, చీరలు పరదాలుగా వేసుకుని నలభై మూడు కుటుంబాలు ఉంటున్నాయి. కుంకుడు ఘాటుకు పిల్లలందరికీ తుమ్ములు. ఉప్పు డబ్బా రెండు రోజులకే ఖాళీ అయింది.

నాతో కొందరు మాట్లాడతారు, కొందరు మాట్లాడరు. ముగ్గురు పిల్లల తండ్రి నేను ఎదురొస్తే పక్కకు తిరుగుతాడు. సుగుణ గంజి తెచ్చి పెడుతుంది, మాటలేదు. బుచ్చిరాములు కాలి వేలు తీసేశారు. తీసేటప్పుడు మత్తు అవసరం పడలేదని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. అతని పక్కన కూర్చున్నాను.

103వ రోజు

ముప్పై ఒకటో గడి కూరంతా పీకి తారు గుంటలో వేశాం. మన్ను మళ్లీ తవ్వించాం. మొదటి పీపా ఈరోజు తిరిగింది.

కాలిన చెయ్యి రసంలో పడింది, గుడ్డ జారి. అరచేతిలో ఏమీ తెలియలేదు. మణికట్టు దగ్గర మాత్రం భగ్గుమని మంట లేచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొద్దుబారింది అంతవరకేనన్నమాట. అక్కడ నల్లదారం కట్టుకున్నాను, ఇంకా పైకి పోతుందో ఆగుతుందో చూద్దామని.

దారం ముడి నాకు పడటం లేదని చూసి సుగుణ వచ్చి వేసింది. వేసి అక్కడే కూర్చుని, పదమూడు రోజుల తరువాత మాట్లాడింది. ఈ గడికి మళ్లీ ముద్ద ఎవరు తింటారని అడిగింది. నేనే, ఇంకెవరు అన్నాను.

"నీ చెయ్యికి వేడి తెల్వది, సలువ తెల్వది. గది మళ్ల ఏం సాక్ష్యం చెప్తది? నేను తింట. నా పేరు రాయి."

వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. ఎన్నో రోజుల తరువాత ఒళ్లంతా వణికింది. భయం ఇలా ఉంటుందని మరిచిపోయాను. పెట్టె వచ్చేదాకా ఆగుదామన్నాను. వచ్చినా తినేవాళ్లు లేకుండా జనం దిగరు, నీకు తెలియదా అంది. తెలుసు. ఆ పద్ధతి పెట్టింది మా అత్త, నిలబెట్టింది నేను.

కడుగు మనుషులు అన్న చోట నా పేరు కింద సుగుణ పేరు రాశాను. ఎడమ చేత్తో, వీలైనంత నిదానంగా.

ఎన్ని నీళ్లు అని అడిగింది. ఏడు అన్నాను. తొమ్మిది పోద్దామంది. సరేనన్నాను. కాయలు సరిపోవంటే, ముగ్గురు పిల్లల తండ్రి లేచి, కట్ట మీద చెట్లకు ఇంకా ఉన్నాయని గోడకు చెప్పినట్టు చెప్పి, సంచి తీసుకుని వానలో వెళ్లాడు.

ఒక పీపా. కుంకుడుకాయలు ఏడు కిలోలు. నురగ రంగు రాయడం లేదు. బుచ్చిరాములు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి పీపా మూతికి గోనె పట్టా కట్టాడు. మొదటి నీళ్లకే పట్టా కిందుగా నురగ పొంగి నేల మీదికి జారింది. ఎవరూ దాని వైపు చూడలేదు. సుగుణ రెండో నీళ్లు పోసింది.